బోల్టును చదివాకే బిట్టు కొనండి

మెకానికల్, ఆటోమొబైల్ విద్యార్థుల రెజ్యూమెల్లో ‘ప్రాక్టికల్ నాలెడ్జ్ ఉంది’ అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. రాసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఇంటర్వ్యూ బోర్డులో ఎవరైనా ఆ వాక్యాన్నే పట్టుకుని ఇలా అడిగారనుకోండి: ‘మీ ఇంట్లో కారుకు ముందు బ్రేకు ప్యాడ్లు మార్చాలి. క్యాలిపర్ పిన్ను విప్పడానికి ఏ పనిముట్టు తీసుకుంటారు? ఎంత సైజు? తిరిగి ఎంత బిగిస్తారు?’ థర్మోడైనమిక్స్‌లో తొంభై మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ నీళ్లు నమలొచ్చు. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు నోట్సులో ఉండదు. చక్రం విప్పి చూసినవాళ్లకే తెలుస్తుంది.

అందుకే ఈసారి కోర్సుల గురించీ సర్టిఫికెట్ల గురించీ కాదు, వేలెడంత పనిముట్టు గురించి మాట్లాడుకుందాం. దాని పేరు హెక్స్ బిట్ సాకెట్. ఇంట్లో కారుకో, బైకుకో చిన్న చిన్న రిపేర్లు చేసుకోవాలనుకునేవాళ్లకు ఇది ఎప్పుడో ఒకప్పుడు అవసరపడుతుంది. చాలామంది చేసేది ఒకటే. షాపుకెళ్లి పెట్టెలో మెరుస్తున్న పెద్ద సెట్టు ఒకటి కొనేస్తారు. తీరా పని మొదలుపెట్టాక కావలసిన సైజు అందులో ఉండదు. ఉన్నా లోపల సరిగ్గా కూర్చోదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పనిముట్టు ఎంపిక షాపులో మొదలు కాకూడదు, బోల్టు దగ్గర మొదలవ్వాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే మీ డబ్బు మిగులుతుంది, బండి బాగుంటుంది. ఉద్యోగం ఇచ్చేవాళ్లు వెతికే ఆలోచనా తీరు కూడా అలవడుతుంది.

ఇంతకీ ఏమిటిది?

కొన్ని బోల్టులకు తల బయట ఆరు పలకలు ఉంటాయి. వాటిని పానాతోనో, సాకెట్‌తోనో పట్టి తిప్పుతాం. ఇంకొన్ని బోల్టులకు తల గుండ్రంగా ఉండి, మధ్యలో ఆరు పలకల గుంట ఉంటుంది. వాటికి లోపలికి దూరే పనిముట్టు కావాలి. అదే అలెన్ కీ. అమెరికాలోని అలెన్ అనే కంపెనీ పేరు మీద ఆ పేరు వచ్చింది. మన షెడ్లలో నోళ్లలో నలిగి ‘ఎల్ఎన్ కీ’ అయింది. దుకాణంలో ఏ పేరుతో అడిగినా అదే ఇస్తారు.

ఎల్ ఆకారంలో వంగి ఉండే ఆ కీకి బదులు, ఆరు పలకల కడ్డీని ఒక సాకెట్‌లో బిగించి ఇస్తే అది హెక్స్ బిట్ సాకెట్. సాకెట్‌ను షెడ్లలో గోటీ అని కూడా అంటారు. దాని వెనక చతురస్రపు రంధ్రంలో రాచెట్‌నో, పొడవాటి పిడినో, టార్క్ రెంచ్‌నో తగిలించుకోవచ్చు. ఎల్ కీ ఉండగా ఇదెందుకు అంటే, ముఖ్యమైన కారణం ఆ టార్క్ రెంచే. బ్రేకుల దగ్గర బోల్టును ‘చేతికి గట్టిగా తగిలేదాకా’ బిగిస్తే సరిపోదు. కంపెనీ మాన్యువల్లో ఇచ్చిన విలువకే బిగించాలి. మామూలు ఎల్ కీతో ఆ కొలత కుదరదు, బిట్ సాకెట్‌తో కుదురుతుంది.

మొదట బండిని చూడండి

కొనేముందు చేయాల్సిన పని, మీ బండిలో లోపలి గుంట బోల్టులు అసలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడం. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే మారుతి, హ్యుందాయ్ లాంటి కార్లలో బయట ఆరు పలకలున్న బోల్టులదే పెద్ద వాటా. వాటికి 10, 12, 14, 17 మి.మీ. మామూలు సాకెట్లతోనే చాలా పని నడిచిపోతుంది. మీ ఇంట్లో అలాంటి కారు ఉంటే హెక్స్ బిట్లు మీకు మొదటి అవసరం కాకపోవచ్చు. ఆ మాట షాపువాడు చెప్పడు. మీరే చూసి తెలుసుకోవాలి.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి యూరప్ కంపెనీల కార్ల సంగతి వేరు. వాటిలో చాలా మోడళ్లకు ముందు బ్రేకు క్యాలిపర్ గైడ్ పిన్నులు 7 మి.మీ. లోపలి గుంటతో వస్తాయి. ఇక్కడో తమాషా ఉంది. బజారులో మామూలుగా దొరికే తొమ్మిది ముక్కల అలెన్ కీ సెట్టులో సైజులు ఇలా ఉంటాయి: 1.5, 2, 2.5, 3, 4, 5, 6, 8, 10. ఇందులో 7 లేదు! అంటే సెట్టు మొత్తం కొన్నా, ఆ కారుకు బ్రేకు ప్యాడ్లు మార్చాలంటే అసలు కావాల్సిన ఒక్కటీ మీ దగ్గర ఉండదు. ‘సెట్టు ఉందిగా, అన్నీ ఉన్నట్టే’ అనే నమ్మకం ఎంత బోలుదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

బైకుల్లో అలెన్ బోల్టులు కాస్త ఎక్కువే కనిపిస్తాయి. హ్యాండిల్ క్లాంపులు, డిస్కు బోల్టులు, ఇంజిన్ కవర్లు లాంటి చోట్ల చూడండి. కారు లేనివాళ్లు ఈ చదువును బైకుతోనే మొదలుపెట్టొచ్చు.

ఇంకో జాగ్రత్త. గుంట కనిపించిన ప్రతిదీ అలెన్ బోల్టు కాదు. ఆరు కోణాల నక్షత్రంలా ఉంటే అది టార్క్స్. పన్నెండు పదునైన మొనలతో ఉంటే ఎక్స్‌జెడ్‌ఎన్. వీటికి వేరే బిట్లు ఉంటాయి. మట్టి, గ్రీజు పట్టి ఉన్నప్పుడు దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. టార్క్స్ గుంటలోకి ‘దాదాపు సరిపోయే’ హెక్స్ బిట్టు దూర్చి తిప్పితే మొనలు చెరిగిపోతాయి. ఆపైన ఆ బోల్టు మీ చేతికి రాదు. కాబట్టి చిన్న వైరు బ్రష్షుతోనో, సూదిమొనతోనో గుంటను శుభ్రం చేయండి. ఫోన్ టార్చి వేసి ఒక ఫొటో తీయండి. పెద్దది చేసి చూడండి. ఆ తర్వాతే ఆకారం పేరు చెప్పండి.

అరమిల్లీమీటరు కథ

ఆకారం తేలాక కొలత. మన కార్లలో బోల్టులు మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి. కానీ బజారులో ఇంచీల బిట్లు కూడా దొరుకుతాయి. కొన్ని సెట్లలో రెండూ కలిపి అమ్ముతారు. ఎక్కువ ముక్కలు వస్తున్నాయని సంబరపడకండి, అసలు చిక్కు అక్కడే.

5/16 ఇంచీ అంటే 7.94 మి.మీ. ఇది 8 మి.మీ. గుంటలో దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. 5/32 ఇంచీ అంటే 3.97 మి.మీ. ఇది కూడా 4కు దగ్గరే. కానీ 3/16 ఇంచీ అంటే 4.76 మి.మీ. మాత్రమే. 5 మి.మీ. గుంటలో పెడితే వదులుగా ఆడుతుంది. 7/32 ఇంచీ 5.56 మి.మీ. ఇది 6 మి.మీ. గుంటలో దాదాపు అరమిల్లీమీటరు వదులు. ‘ఏముందిలే, తిరుగుతోందిగా’ అనిపిస్తుంది. తిరిగినంతసేపే ఆ ధీమా.

ఎందుకంటే, బిట్టు సరిగ్గా సరిపోయినప్పుడు బలం పలకల మీద పడుతుంది. వదులుగా ఉంటే బిట్టు కొంచెం పక్కకు తిరిగి, దాని అంచులు మాత్రమే గోడలకు ఆనుకుంటాయి. అంత బలమూ సన్నని గీత మీద పడుతుంది. లోహం అక్కడ నలుగుతుంది. గుంట మెల్లగా గుండ్రమైపోతుంది. స్ట్రెస్ అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమని మొదటి ఏడాదే చదువుకున్నారు కదా! వైశాల్యం తగ్గితే ఏమవుతుందో పరీక్షలో రాసినదే ఇక్కడ బోల్టులో కనబడుతుంది.

సైజు కొలవడానికి మెట్రాలజీ ల్యాబులో మీరు పట్టుకున్న వెర్నియర్ క్యాలిపర్ చాలు. బిట్టు ఎదురెదురు పలకల మధ్య దూరమే దాని సైజు. మూల నుంచి మూలకు కొలవకూడదు. 0.02 మి.మీ. లీస్ట్ కౌంట్ ఉన్న వెర్నియర్‌తో రెండు మూడు బిట్లు కొలిచి చూడండి. ఒకే సైజు ముద్ర ఉన్న రెండు బిట్ల మధ్య తేడా మీ కంటికే తెలుస్తుంది.

బోల్టు తల రకాన్ని బట్టి కూడా గుంట సైజు మారుతుంది. స్థూపాకారపు తల ఉన్న మామూలు అలెన్ బోల్టుల్లో ఎం5కు 4 మి.మీ., ఎం6కు 5, ఎం8కు 6, ఎం10కు 8, ఎం12కు 10 మి.మీ. కీ పడుతుంది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, డిజైన్ ఉద్యోగాల్లోనూ పనికొస్తుంది. కానీ తల బొత్తంలా ఉబ్బెత్తుగా ఉండే రకంలో ఎం6కు 4 మి.మీ.యే, ఎం8కు 5 మి.మీ.యే. పైగా ఆ గుంట లోతు కూడా తక్కువ. అందుకే ఆ రకం బోల్టులు తొందరగా చెడిపోతాయి. వాటి మీద మామూలు అలెన్ బోల్టు మీద చూపినంత బలం చూపకూడదు.

ఎంత తేడా అంటారా? కడ్డీ తట్టుకునే మెలిక బలం దాని మందం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. 4 మి.మీ. బిట్టు 5 మి.మీ. బిట్టుతో పోలిస్తే తట్టుకోగలిగేది 64/125 వంతు, అంటే సుమారు సగం. 8 మి.మీ. బిట్టు 4 మి.మీ. బిట్టుకు ఎనిమిది రెట్లు తట్టుకుంటుంది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో టార్షన్ సూత్రం ఎందుకు నేర్పారో అర్థం కావాలంటే ఒక 4 మి.మీ. బిట్టు చేతిలోకి తీసుకోండి.

ఉక్కు, కట్టు, పొడవు

ఇప్పుడు షాపులోకి వెళ్దాం. హైదరాబాద్, సికింద్రాబాద్‌వాళ్లకు రాణిగంజ్, విజయవాడవాళ్లకు ఆటోనగర్ ఉండనే ఉన్నాయి. అక్కడ నాలుగు షాపులు తిరగడమే ఒక క్లాసు. కౌంటరు దగ్గర నిలబడి అడగాల్సినవి ఇవీ.

ఒకటి, బిట్టు ఏ ఉక్కు? సాకెట్ భాగం క్రోమ్ వెనేడియం ఉక్కుతో ఉండొచ్చు, తప్పులేదు. కానీ లోపలికి దూరే బిట్టు ఎస్2 ఉక్కుతో ఉంటే మంచిది. ఎస్ అంటే షాక్ తట్టుకునే టూల్ స్టీల్ వర్గం. గట్టిదనం మాత్రమే చూస్తే సరిపోదు. బాగా గట్టిగా ఉండి పెళుసైతే చిట్లుతుంది. మెత్తగా ఉంటే అంచులు అరిగి మెలిపడుతుంది. ఈ రెండింటి మధ్య సమతూకమే మంచి బిట్టు. మెటలర్జీలో హార్డ్‌నెస్, టఫ్‌నెస్ తేడా చదివారుగా, అదే ఇది.

రెండు, ఒకే ముక్కా, రెండు ముక్కలా? కొన్నింటిలో బిట్టు, సాకెట్ ఒకే ఉక్కుతో చేస్తారు. కొన్నింటిలో బిట్టును విడిగా చేసి సాకెట్‌లో బలంగా దిగగొడతారు, లేదా పక్క నుంచి చిన్న పిన్నుతోనో, స్క్రూతోనో పట్టిస్తారు. ఇంటి పనికి రెండు ముక్కల రకమే నా ఓటు. బిట్టుకు మంచి ఉక్కు, సాకెట్‌కు దానికి తగ్గ ఉక్కు వాడే వీలుంటుంది. బిట్టు విరిగితే అదొక్కటే మార్చుకునే రకాలూ ఉన్నాయి. కొనేముందు మాత్రం బిట్టును వేళ్లతో పట్టి ఊపండి. కదిలితే పక్కన పెట్టేయండి.

మూడు, డ్రైవ్ ఎంత? వెనక చతురస్రపు రంధ్రం 1/4, 3/8, 1/2 ఇంచీల్లో వస్తుంది. బిట్టు మిల్లీమీటర్లలో ఉన్నా డ్రైవ్ మాత్రం ఇంచీల్లోనే ఉంటుంది, తికమక పడకండి. 4 నుంచి 10 మి.మీ. బిట్ల వరకు ఇంటి పనులకు 3/8 డ్రైవ్ చేతికి అనుకూలం. ఇంట్లో ఇప్పటికే 1/2 రాచెట్ ఉంటే కొత్త రాచెట్ కొనక్కర్లేదు. ఆ డ్రైవ్‌లోనే బిట్లు తీసుకోండి. 1/2 రాచెట్ పిడి పొడవు కాబట్టి, చిన్న బిట్ల మీద మాత్రం చేతి బలం తగ్గించుకోవాలి.

నాలుగు, పొడవెంత? లోతుగా ఉన్న బోల్టు అందాలంటే పొడుగు బిట్టే కావాలి. కానీ అవసరం లేని పొడవు వద్దు. అదే మందం, అదే బలం దగ్గర కడ్డీ పొడవు రెట్టింపైతే అది మెలిపడే కోణమూ రెట్టింపవుతుంది. బోల్టు కదిలిందనుకుంటాం, నిజానికి తిరిగింది బిట్టు! అందుకే పొట్టిది అందే చోట పొట్టిదే వాడాలి.

ఐదు, మొన ఎలా ఉంది? మొన దగ్గర అంచులు బాగా నున్నగా చెక్కేసి ఉంటే, లోతు తక్కువ గుంటల్లో పట్టు దొరకదు. పలకలు మొన దాకా నిండుగా ఉన్నవి ఎంచుకోండి. బంతి ఆకారపు మొన ఉన్నవి వాలుగా కూడా తిరుగుతాయి, ఇరుకు చోట్ల సుఖం. కానీ వాటి మెడ సన్నగా ఉంటుంది. బిగుసుకున్న బోల్టును కదిలించడానికీ, చివరి బిగింపుకూ వాటిని వాడొద్దు. వదులైన బోల్టును గబగబా తిప్పి తీయడానికే అవి.

ఇక నా సలహా. యూరప్ కంపెనీ కారున్నవాళ్లు మొదట 5, 6, 7, 8 మి.మీ. బిట్లు నాలుగు, విడివిడిగా, మంచివి కొనండి. బైకు ఉన్నవాళ్లు బోల్టులు కొలుచుకుని, సాధారణంగా 4, 5, 6, 8తో మొదలుపెట్టండి. మిగతావి అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ‘నలభై ముక్కల సెట్టు చవగ్గా వస్తుంది కదా’ అంటారేమో. వాటిలో ముప్పై మీరు జన్మలో ముట్టుకోరు. ముట్టుకునే పది నాసిరకమైతే ఆ చవక బోల్టుల రూపంలో వసూలవుతుంది. విడిగా బిట్లు అమ్మని షాపులూ ఉంటాయి. ఇంకో షాపుకు నడవండి. చదువుకునే రోజుల్లో డబ్బు తక్కువ, సమయం కాస్త ఎక్కువ. ఆ సమయాన్నే ఇక్కడ ఖర్చుపెట్టాలి.

కొన్నాక ఎలా వాడాలి?

మంచి బిట్టు కూడా తప్పుగా వాడితే బోల్టును పాడుచేస్తుంది. గుంటను శుభ్రం చేయండి. బిట్టును అడుగు తగిలేదాకా నిటారుగా దించండి. దిగకపోతే చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి కాసేపు ఆగండి. ఒక చేత్తో రాచెట్ తలను బోల్టు వైపు నొక్కి పట్టుకుని, రెండో చేత్తో పిడి లాగండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఉక్కు ముక్క ఎగిరితే ఎక్కడ తగులుతుందో చెప్పలేం. చేత్తో వాడే మెరుపు బిట్లను ఇంపాక్ట్ గన్‌కు తగిలించకండి. వాటికి వేరే నల్లటి ఇంపాక్ట్ రకాలు ఉంటాయి.

రాకపోతే పైపు తొడిగి లాగడం మనవాళ్లకు అలవాటు. లెక్క చూడండి. 15 సెం.మీ. పిడి చివర దాదాపు 20 కిలోల బరువుతో లాగితే 30 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. అదే బలం 60 సెం.మీ. పైపు చివర చూపితే 120. మీ చెయ్యి ఏమీ ఎక్కువ కష్టపడలేదు, బోల్టు మీద మాత్రం నాలుగు రెట్లు పడింది. చిన్న బిట్టు ఆ తేడాను మోయలేదు. పైపు తెచ్చేముందు బిట్టు సైజేమిటో, బోల్టు ఎందుకు బిగుసుకుందో ఆలోచించాలి.

తిరిగి బిగించేటప్పుడు మాన్యువల్లోని విలువ, టార్క్ రెంచ్. రెండూ తప్పనిసరి. బోల్టు తలపై 8.8, 12.9 లాంటి అంకెలు కనిపిస్తే వాటినీ చదవండి. 12.9లో మొదటి అంకె దాని తన్యతా బలం సుమారు 1200 మెగాపాస్కల్ అని, చుక్క తర్వాతి 9 అందులో 90 శాతం దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలవుతుందని చెబుతుంది. కాబట్టి 12.9 తీసి 8.8 పెట్టేస్తే ‘అదే సైజు కదా’ అని సరిపెట్టుకోలేం.

ఇక్కడ ఒక గీత గీయాలి. నేర్చుకోవడం బ్రేకులతో మొదలుపెట్టకండి. బైకు లీవరు సర్దుకోవడం, ఊడిన కవరు బిగించడం లాంటి వాటితో చెయ్యి తిరగనివ్వండి. బ్రేకు పని అనుభవమున్న మెకానిక్ పక్కన నిలబడి చేయండి, పూర్తయ్యాక ఆయనతోనే ఒకసారి తనిఖీ చేయించండి. కేవలం జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డు వేశాకే పని. వారంటీలో ఉన్న బండి, ఎయిర్‌బ్యాగులు ఉన్న చోటు... వీటి జోలికి పోవద్దు. మన నేర్చుకునే సరదాకు ఇంట్లోవాళ్ల ప్రాణాలు పందెం కాకూడదు.

ఉద్యోగానికి ఇదెలా?

ఇప్పుడు అసలు ప్రశ్న. ‘ఇంజినీరింగ్ చదివి పానాలు పట్టుకోవాలా?’ అని ఇంట్లో అంటారు. కొందరు మనసులోనే అనుకుంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. పానా పట్టుకోవడం చిన్నతనం కాదు, పట్టుకోవడం రాకుండా పట్టా పట్టుకోవడమే ఇబ్బంది. మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో ఒక వి-ఫిట్టింగు, ఒక ల్యాప్ జాయింటు చేసి రికార్డు రాసేస్తే చేతిపని అయిపోయినట్టు కాదు. ఆ తర్వాతి మూడేళ్లు చేతికి లోహం తగలకుండానే గడిచిపోయేవాళ్లు చాలామంది.

మన చుట్టూ అవకాశాలున్న చోట్లు చూడండి. పెనుకొండ దగ్గర కియా కార్లు, శ్రీసిటీలో ఇసుజు, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. వాటి చుట్టూ విడిభాగాల కంపెనీలు, ఊరూరా సర్వీస్ సెంటర్లు ఉన్నాయి. బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి పనిముట్ల రూపకల్పననే ఒక చదువుగా నేర్పుతోంది. అసెంబ్లీ లైన్లో ముఖ్యమైన ప్రతి బోల్టుకూ ఏ బిట్టు, ఎంత టార్క్, ఏ వరస అనేది ముందే నిర్ణయిస్తారు. క్వాలిటీ విభాగం దాన్నే తనిఖీ చేస్తుంది. సర్వీసులో అది తప్పితే కస్టమర్ తిరిగొస్తాడు. డిజైన్ విభాగంలో కూర్చుని కంప్యూటర్ మీద బోల్టు పెట్టేవాళ్లు కూడా ‘దీన్ని విప్పడానికి బిట్టు పడుతుందా, రాచెట్ తిరిగే చోటుందా’ అని ఆలోచించాలి. చేత్తో విప్పినవాళ్లకే ఆ ప్రశ్న తడుతుంది.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకు కూడా ఇందులో ఒక పాఠముంది. ముందు సమస్యను పరిశీలించడం, కొలవడం, తర్వాత పనిముట్టు ఎంచుకోవడం. ట్రెండు చూసి ముందు పనిముట్టు కొని, తర్వాత దానికి పని వెతకడం ఏ రంగంలోనైనా తిరగేసిన పద్ధతే. పది కోర్సులు కట్టలుగా కొని ఒక్కటీ పూర్తి చేయనివాళ్లకూ, నలభై ముక్కల సెట్టు కొన్నవాళ్లకూ పెద్ద తేడా లేదు.

అమ్మాయిలకు ఒక మాట. ఈ పనికి కండబలం కావాలని ఎవరైనా అంటే నమ్మకండి. పైన చూసిన లెక్కే రుజువు. బలం పిడి పొడవులో ఉంది, సరిపోయే బిట్టులో ఉంది. కండబలంతో లాగేవాళ్లే బోల్టులు ఎక్కువ పాడుచేస్తారు.

ఈ అనుభవాన్ని కాగితం మీద పెట్టడం కూడా నేర్చుకోండి. ఒక చిన్న నోటుబుక్కు చాలు. బండి పేరు, బోల్టు ఎక్కడిది, తల ఆకారం, మీరు కొలిచిన సైజు, తల మీద అంకెలు, వాడిన బిట్టు, మాన్యువల్ చెప్పిన టార్క్, పని చేస్తున్నప్పుడు గమనించింది. ఒక్కో పనికి ఆరేడు వరసలు. ఇలా పది పనులు రాస్తే రెజ్యూమెలో ‘ప్రాక్టికల్ నాలెడ్జ్ ఉంది’ అని గాల్లో రాయాల్సిన అవసరం ఉండదు. ‘కారు ముందు బ్రేకు ప్యాడ్ల మార్పిడి, మెకానిక్ పర్యవేక్షణలో, టార్క్ విలువల నమోదుతో’ అని రాయొచ్చు. బోర్డు దాని మీద ఏం అడిగినా మీ దగ్గర చెప్పడానికి విషయం ఉంటుంది. ‘7 మి.మీ. ఎందుకు?’ అని అడిగితే ‘కొలిచాను’ అనండి. ‘బంతి మొన ఎందుకు వాడలేదు?’ అంటే ‘మెడ సన్నం, చివరి బిగింపును మోయదు’ అనండి. ఇవి బట్టీ పట్టిన జవాబులు కావని వినేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

కొత్తగా చేరినవాళ్లకు అన్నీ వచ్చి ఉండాలని కంపెనీలు ఆశించవు. చేతిలో ఉన్న పనిని చూసి, కొలిచి, కారణం చెప్పి నిర్ణయం తీసుకోగలరా అని చూస్తాయి. అది నేర్చుకోవడానికి లక్షల ఫీజు అక్కర్లేదు. ఈ ఆదివారం బండి దగ్గరికి వెళ్లండి. ఒక బోల్టు గుంట శుభ్రం చేసి, టార్చి వేసి, ఆకారమేమిటో, సైజెంతో రాసుకోండి. ఆ చీటీ జేబులో పెట్టుకుని షాపుకెళ్లండి. చీటీలో ఉన్నదే కొనండి.